దూలము అడుగున ఒక పేరు

1937 జూన్ మాసము చివర, చైనాదేశపు షాన్సీ రాష్ట్రములో, మోటారుబండి పోగలిగినంత దూరము దానిమీదను, అటుపై కంచరగాడిదలమీదను, ఒకవైపు కొండయు ఒకవైపు లోయయు గల సన్నని బాటవెంట, గాడిదలు మొరాయించి అడుగు వేయనిచోట సామానులు దింపి తామే పగ్గములు పట్టి లాగుకొనుచు, నలుగురు పరిశోధకులు దౌత్సున్ అను పల్లెవైపు పోవుచుండిరి. వాస్తుశాస్త్రజ్ఞుడైన లియాంగ్ సుచెంగ్, ఆయన భార్య లిన్ హ్వేయిన్, వారి సహచరులు మో జోంగ్‌జియాంగ్, జీ యుతాంగ్: ఇదియే ఆ బృందము. కొలత టేపులు, చిత్తుపుస్తకములు, కెమేరాలు, బ్యాటరీదీపములు: ఇవియే వారి సంపద.

వారు వెదకుచుండినది ఒక్క కఱ్ఱకట్టడము. తాంగ్ వంశపు చక్రవర్తులు 618 మొదలు 907 వఱకు చైనాను ఏలిరి. కవిత్వము, చిత్రలేఖనము, శిల్పము, బౌద్ధధర్మము ఆ కాలమున పొందిన వికాసమును తలచుకొని ఆ దేశస్థులు నేటికిని దానిని తమ స్వర్ణయుగముగా చెప్పుకొందురు. అయినను ఆ యుగమునాటి దారుమందిరము ఒక్కటియైనను చైనాగడ్డపై మిగులలేదనియు, దానిని చూడగోరువారు జపానునందలి నారానగరమునకు పోవలసినదే యనియు జపాను పండితులు వ్రాసియుండిరి. ఆ మాట లియాంగ్ దంపతుల మనస్సున ముల్లువలె నాటుకొనియుండెను. 1932 మొదలు వారు ఏటేట పల్లెలు పట్టి తిరుగుచు పాతగుడులను కొలిచిరి, గీసిరి, ఫోటోలు తీసిరి. 1056 లో లేచిన యింగ్‌షియన్ దారుస్తూపము వంటి మహానిర్మాణములు వారి కొలతలకు అందినవి గాని, వానిలో ఏదియును తాంగ్ కాలమును అందుకొనలేదు.

ఇట్లుండగా వారికి దారి చూపినది ఒక గోడబొమ్మ. ఎడారి అంచున నున్న దున్‌హువాంగ్ గుహలలో 61 వ గుహ పడమటిగోడమీద పదవ శతాబ్దపు చిత్రకారు డొకడు వూతాయ్ పర్వతమును, దాని శిఖరములను, బాటలను, వంతెనలను, సత్రములను, విహారములను పేరుపేరున గుఱుతు లిడి, నలువదడుగులకు పైబడి విస్తరించునట్లు చిత్రించెను. ఫ్రెంచి పండితుడు పెలియో 1908 లో ఆ గుహలకు పోయి తీయించిన ఫోటోలు అచ్చుపడిన గ్రంథమును తిరుగవేయుచుండగా, లియాంగ్ కంటికి ఆ చిత్రములో ఒకచోట 'మహాఫోగువాంగ్ విహారము' అను వ్రాత కనబడెను. ఫోగువాంగ్ అనగా బుద్ధుని వెలుగు.

వూతాయ్ అను పేరునకు ఐదు వేదికలని అర్థము. ఐదు శిఖరములును కొన కోసివేసినట్లు చదునుగా నుండుటచే ఆ పేరు కలిగెను. వానిలో ఉత్తరశిఖరము 3,061 మీటర్ల ఎత్తు. అవతంసకసూత్రమున, ఈశాన్యదిక్కున శీతలగిరి యను కొండమీద మంజుశ్రీ బోధిసత్త్వుడు వసించుచుండునని యున్నది. ఆ కొండ ఇదియేనని చైనా భక్తులు నిశ్చయించుకొనిరి. తెలుగువారికి ఇచ్చట ఒక పాత చుట్టఱికము గుఱుతునకు రాకపోదు. ఆ సూత్రములోని భాగమే యగు గండవ్యూహమున మంజుశ్రీ దక్షిణాపథమునకు వచ్చి సుధనుడను శ్రేష్ఠికుమారుని కల్యాణమిత్రాన్వేషణమునకు పురికొల్పిన ధాన్యాకరనగరము, మన కృష్ణాతీరపు ధాన్యకటకమేయని పండితులు పలువురు భావించిరి. ధాన్యకటకమునకు, అనగా నేటి అమరావతికి, కథలో వచ్చిపోయిన మంజుశ్రీకి వూతాయ్ కాపురపుచోటు.

లియాంగ్ ఊహ మిక్కిలి సూక్ష్మమైనది. ఐదు శిఖరముల నడుమనున్న విహారములకు యాత్రికులు దండిగా వత్తురు, ధనము వచ్చును, ధనము వచ్చినచోట పాతగుడిని విప్పి క్రొత్తగుడి కట్టుట పుణ్యకార్యమగును. కొండలకు వెలుపల, అంచుపల్లెలలోని విహారములకు అంత రాబడి లేదు. బీదగుడికి మరమ్మతే గాని పునర్నిర్మాణము లేదు. కనుక తాంగ్ కాలపు దూలములు ఎక్కడనైన మిగిలియున్నచో అవి ఆదరణలేని అంచులలోనే మిగిలియుండవలెను. మన పల్లెలలోని పురాతన శివాలయములను చూచినవారికి ఈ తర్కము వెంటనే మనస్సున కెక్కును.

ప్రొద్దు వాలుచుండగా వారు విహారమును చేరిరి. సాధారణముగా చైనా ఆలయము దక్షిణాభిముఖముగా నుండును. ఫోగువాంగ్ విహారము అట్లు కాదు. తూర్పు, ఉత్తర, దక్షిణముల మూడువైపుల కొండలు చేతులు చాచి పొదివికొనియుండ, పడమటిదిక్కు ఒక్కటియే తెఱపిగా నుండుటచే, దాని నడిరేఖ పడమరనుండి తూర్పునకు సాగును. పడమటి ద్వారము దాటినంతనే విశాలమైన ముంగిలి. దానికి ఎడమచేతివైపు మంజుశ్రీ మందిరము. మఱికొంత ముందునకు పోయినచో ఒక మెట్టు, అటుపై మఱియొక మెట్టు. చివరకు కొండచరియను చెక్కి నిలువుగా కట్టిన పెద్ద అరుగు. దానిమీదికి ఇరుకైన నిట్రపు సోపానములు ఎక్కిపోవలెను. ఆ మెట్లెక్కువఱకు పైన నున్నదేమో తెలియదు. తల పైకెత్తిన క్షణమున తూర్పు మందిరపు చూరు ఆకాశమునకు అడ్డముగా, ఱెక్కలు చాచిన మహాపక్షివలె, యాత్రికుని నెత్తిపై వ్రాలినట్లు ప్రత్యక్షమగును.

విహారము మొదట వెలసినది ఉత్తర వేయ్ వంశపు షియావోవెన్ చక్రవర్తి కాలమున, అనగా ఐదవ శతాబ్దపు ఉత్తరార్ధమున. తాంగ్ యుగమున ఫాషింగ్ అను భిక్షువు ఇచ్చట మూడంతస్తులుగా, ఏడంకణములుగా, 95 చైనా అడుగుల యెత్తున మైత్రేయునకు ఒక భవనము కట్టించెను. అది నిలిచిన కాలము స్వల్పము. 845 లో వూజోంగ్ చక్రవర్తి బౌద్ధధర్మముపై విరుచుకొనిపడెను. ఆయనకు తావోమతముపై గల మక్కువ ఒక కారణమైనను, బొక్కసము సంగతి అంతకంటె బలమైన కారణము: విహారభూములకు పన్ను లేదు, భిక్షువులకు వెట్టి లేదు, విగ్రహములలోనికిని గంటలలోనికిని పోయిన రాగి నాణెములకు చాలకుండెను. 4,600 విహారములును 40,000 కు పైబడిన చిన్నమందిరములును పడగొట్టబడినవనియు, 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులు కాషాయము విడిచి సంసారులలో కలిపివేయబడిరనియు ఆనాటి రాజశాసనపు లెక్క. కంచుబుద్ధులు కరగి నాణెములైరి. ఇనుపబుద్ధులు కరగి సేద్యపు పనిముట్లైరి. ఫాషింగ్ కట్టించిన భవనము ఆ యేటనే నేలమట్టమయ్యెను. మఱుసటి యేట వూజోంగ్ మరణించెను. ఆయన తరువాత వచ్చిన చక్రవర్తి ఆ యాజ్ఞలను మరలించెను. దూరమునకు తరిమివేయబడిన భిక్షువులలో యువాన్‌చెంగ్ అనునతడు తిరిగివచ్చి విహారమును మఱల కట్టుటకు పూనుకొనెను. 857 లో లేచినది నేడు మనము చూచు తూర్పు మందిరము.

ఇక ఆ మందిరపు కట్టుబడిని కొంచెము నిదానముగా చూతము. నిడివి ఏడంకణములు, సుమారు 34 మీటర్లు. లోతు నాలుగంకణములు, 17 మీటర్లకు పైచిలుకు. స్తంభమునకును స్తంభమునకును నడుమనున్న ఎడమును మనము అంకణ మనునట్లే చైనా వడ్రంగులును దానికొక మాట పెట్టుకొని, కట్టడమును దానితోనే కొలుతురు. స్తంభములు రెండు వరుసల చుట్టుగా నిలిచియున్నవి: వెలుపలి చుట్టున 22, లోపలి చుట్టున 14. లోపలి చుట్టు బుద్ధుల గది. రెండు చుట్ల నడుమ ప్రదక్షిణకు బాట. గోడ లున్నవి గాని అవి మోయునది లేదు. గాలిని, చలిని ఆపుటకే వాని ఉనికి. కప్పు బరువంతయు కఱ్ఱలమీదనే దిగును. అందుచేతనే గోడ కూలినను ఇల్లు కూలదని చైనావారు సామెతగా చెప్పుకొందురు. మొదట స్తంభములు, దూలములు, వాసములు నిలిపి కప్పు వేయుటయు, గోడ తరువాత పెట్టుటయు మన పాత పెంకుటిండ్ల వడ్రంగులకు క్రొత్తసంగతి కాదు.

స్తంభముమీద దూలము సూటిగా కూర్చుండదు. నడుమ బోదిక యుండును. మన దేవాలయముల రాతిస్తంభములపై బోదిక ఒక్క రాయి. చైనావారి బోదిక అనేక ముక్కల కూర్పు. అడుగున చతురస్రపు దిమ్మె. దానిని వారు ధాన్యము కొలుచు కుంచము పేరనే పిలుతురు, రూపమును అట్టిదే. దిమ్మెమీద గాడి చేసి, ఒకటి ముందునకు, ఒకటి ప్రక్కకు, రెండు చేతులవంటి కఱ్ఱలు అడ్డముగా దిగవేయుదురు. ఆ చేతుల కొసలమీద మఱల చిన్న దిమ్మెలు. వానిమీద మఱికొంచెము పొడవైన చేతులు. ఇట్లు మెట్టుమెట్టుగా ముందునకు సాగుచు బోదిక చూరును స్తంభమునకు ఎంతో దూరము తీసికొనిపోవును. తూర్పు మందిరపు చూరు స్తంభపు వరుసకు సుమారు నాలుగు మీటర్లు వెలుపలికి వచ్చియున్నది. వానజల్లు స్తంభమును గాని గోడను గాని తాకదు. కఱ్ఱకు శత్రువు తడి. ఆ శత్రువును నాలుగు మీటర్ల దూరముననే ఆపివేసినందుచేత ఆ కఱ్ఱ పదునొకండు వందల యేండ్లు నిలిచినది.

అంత బరువైన చూరు ముందునకు తలవాల్చి పడిపోదా యని చూపరికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహమునకు సమాధానము బోదికలోనే యున్నది. చేతుల నడుమనుండి ఏటవాలుగా రెండు పొడవైన కఱ్ఱలు వెలుపలికి దిగుచున్నవి. వాని ముక్కులు చూరుక్రింద కోసుగా కనబడుచుండును. మన ఏతమును తలచుకొన్నచో వాని పని బోధపడును. ఏతపు కఱ్ఱ నడుమ ఆనిక, ఒక కొసను నీటిబాన, రెండవ కొసను బరువు. ఇచ్చటను అంతే: వెలుపలి కొసమీద చూరు బరువు, నడుమ స్తంభపు ఆనిక, లోపలి కొసమీద నడికప్పు బరువు. చూరు క్రిందికి లాగినకొలది కప్పు దానిని వెనుకకు అదిమిపట్టును. ఒక బరువును ఇంకొక బరువే మోయుచున్నది.

తూర్పు మందిరపు స్తంభము ఎత్తు ఐదు మీటర్లు. దానిమీది బోదిక ఎత్తు అందులో సగము. తరువాతి వేయేండ్లలో చైనా కట్టడములు మాఱుచు వచ్చిన క్రమమును ఈ ఒక్క నిష్పత్తిలో చదువవచ్చును. బోదికలు నానాటికి చిన్నవై, సంఖ్యలో ఎక్కువై, చివరకు మంచూ చక్రవర్తుల కాలపు బీజింగు భవనములయందు చూరుక్రింద కుట్టిన రంగుల లేసుపట్టీవలె మాఱిపోయినవి. వానిని తీసివేసినను కప్పు నిలుచును. ఇచ్చట అట్లు కాదు. ఒక్క దిమ్మె తీసినచో ఆ మూల ఒరుగును. ఏది మోయుచున్నదో అదియే అందము. అందముకొఱకు వేఱుగా చేర్చిన దేదియు లేదు. కట్టడమునందు ఇంతకంటె గొప్ప నిజాయితీ ఉండదని నా నమ్మకము.

మఱియొక సంగతి. మందిరపు కొసలవైపు పోవుకొలది స్తంభములు ఇంచుక ఎత్తుపెరుగుచు పోవును. అన్నియును లోపలికి ఇంచుక ఒరిగియుండును. అందుచే చూరురేఖ బిఱ్ఱబిగిసిన త్రాడువలె గాక, రెండు కొసలు పట్టి లేవనెత్తిన వస్త్రపుటంచువలె మెత్తగా వంగును. పైకప్పు నాలుగువైపుల వాలు. ఆ వాలును నిటారుగా నుండదు.

ఈ రహస్యములన్నియు లియాంగ్‌కు తెలియుట ఎట్లనగా, సాంగ్ వంశపు కాలమున లీ జియే అను అధికారి కూర్చగా 1103 లో అచ్చుపడిన 'యింగ్‌జావో ఫాషీ' అను శిల్పశాస్త్రగ్రంథ మొకటి కలదు. అందలి విధానము ప్రకారము బోదిక చేతికఱ్ఱ అడ్డుకోత కొలతయే సమస్తమునకును మూలము. దాని ఎత్తు మూడు పాళ్ళు, వెడల్పు రెండు పాళ్ళు. కట్టడపు అంతస్తును బట్టి అట్టివి ఎనిమిది తరగతులు. తూర్పు మందిరమున ఆ కఱ్ఱ ఎత్తు 30, వెడల్పు 20 సెంటీమీటర్లకు మించియున్నది. ఒక్క కొలత తెలిసిన వడ్రంగికి మిగిలిన కట్టడమంతయు అందులోనుండి వెలువడును. లియాంగ్ అమెరికాలో చదువుకొనుచుండగా ఆయన తండ్రి, ప్రఖ్యాత రచయిత లియాంగ్ చిచావో, 1925 లో ఆ గ్రంథపుప్రతి నొకదానిని పంపెను. అందలి పరిభాష అప్పటికే ఎవరికిని అర్థము కానిదై యుండెను. ఆ ముడి విప్పుటయే లియాంగ్ జీవితవ్రతమయ్యెను. 1932 లో పుట్టిన కొడుకునకు లీ జియే పేరు కలిసివచ్చునట్లు పేరు పెట్టుకొనుటలో ఆ భక్తి యెంతటిదో కనబడును.

తూర్పు మందిరపు తలుపులు తోసి లోపలికి పోయినప్పుడు వారికి ఎదురైనది, ఐదంకణముల పొడవున సాగిన వేదికమీద ముప్పదికి పైబడిన మృణ్మయమూర్తుల మహాసభ: నడుమ శాక్యముని, ఇరుప్రక్కల మైత్రేయుడు, అమితాభుడు, చివరల సింహవాహనుడైన మంజుశ్రీ, గజవాహనుడైన సమంతభద్రుడు, చుట్టును పరివారము. ఈ మూర్తుల బుగ్గల నిండుదనము, నడుముల వంపు తాంగ్ కాలపువేయని వారికి తోచెను. బోదికల పరిమాణమును అదే చెప్పుచుండెను. కాని పోలికలు చెప్పు సాక్ష్యము వేఱు, వ్రాత చెప్పు సాక్ష్యము వేఱు. చైనాదేశపు వడ్రంగులకు నడికప్పు దూలముమీద కట్టిన తేదీ వ్రాయు అలవాటు కలదు. దానికై వారు అటకమీదికి ఎక్కిరి.

చదరపు గళ్ళ లోకప్పునకు పైన, వెలుగు చొఱని ఆ చీకటిలో, ధూళి అంగుళముల మందమున పఱుపువలె పేరుకొనియుండెను. బ్యాటరీదీపము వెలిగింపగా నడిదూలము పొడవున వేలకొలది గబ్బిలములు దట్టముగా వ్రేలాడుచుండెను. ఆ దూలముమీద తేదీ యున్నదో లేదో చూచుటకే వీలులేకపోయెను. ఫోటో తీయుటకు మెఱుపుదీపము వెలిగినంతనే అవి చెదరి లేచినవి. ఆ దుర్గంధము భరింపరాకుండెను. ముక్కులకును నోళ్ళకును మందమైన గుడ్డలు కట్టుకొని, గంటలకొలది ఆ నల్లధూళిలో ప్రాకుచు వారు కొలతలు తీసిరి. వెలుపలికి వచ్చి చూచుకొనగా ఒంటినిండ, సంచులనిండ, చిత్తుపుస్తకముల పుటల నడుమ నల్లులు. అయినను ఆ రోజులు తన వేటలో అత్యంతానందము నిచ్చిన ఘడియలని లియాంగ్ తరువాత వ్రాసికొనెను. అందులకు కారణమును అటకమీదనే కలదు. నడివాసమును మోయుటకు నిట్రాడుకు బదులు ఎదురెదురుగా ఒరిగి కొనలు కలిపిన రెండు కఱ్ఱలు మాత్రమే అచ్చట నుండెను. అట్టి కూర్పు పాతచిత్రములలో కనబడునే గాని, నిజమైన కట్టడమున అంతకుమున్ను ఆయన చూచి యెఱుగడు.

మూడవనాడు, క్రిందినుండి తల యెత్తి చూచుచుండిన లిన్ హ్వేయిన్‌కు, ఒక దూలము అడుగున, ఎఱ్ఱమన్ను పూతక్రింద, సిరావ్రాతవంటి మసకజాడ తోచెను. ఆమెది దూరపుచూపు. ఇతరులకు ఏమియు కనబడని యెత్తున ఆమె కొన్ని అక్షరములు కూడబలుకుకొనెను. అవి తాంగ్ కాలపు ఉద్యోగుల బిరుదులవలె నుండెను. విహారమున అప్పుడున్నవారు ఒక వృద్ధభిక్షువు, మూగవాడైన ఆయన శిష్యుడు. పల్లెకు పోయి మనుష్యులను పిలుచుకొని రాగా దొరకినవారు ఇద్దరు ముసలిరైతులు; వారు పగలంతయు కష్టపడి నిచ్చెనకట్టు ఒకటి నిలిపిరి. దుప్పట్లు చింపి నీట తడిపి, చేతినుండి చేతికి అందించుకొనుచు దూలములను తుడిచిరి. నీరు తగిలినంతనే వ్రాత ఉలికిపడి లేచినట్లు పైకి తేలును. తడి యాఱినంతనే మఱల ఎఱ్ఱమన్నులోనికి మునిగిపోవును. అట్లు తడుపుచు, చదువుచు, వ్రాసికొనుచు మూడు దినములు గడచెను.

వ్రాతలో ప్రాంతాధికారుల పేర్లు కలవు; గతించిన సేనాధికారి వాంగ్ పేర పుణ్యము ధారవోసినట్లు కలదు; అన్నింటికంటె ముఖ్యముగా, రాజధానినుండి కానుకలు తెచ్చిన బుద్ధమందిరకర్త్రి, ఉపాసిక నింగ్ గోంగ్‌యూ అని కలదు. ఈ పేరు ఎక్కడనో చూచితినని లిన్‌కు స్ఫురించెను. మందిరపు ముంగిట ఒక రాతి ధర్మధ్వజస్తంభము కలదు. ఆమె పరుగున దిగిపోయి చూచెను. ఆ స్తంభముపై ఉష్ణీషవిజయధారణి, మన సంస్కృతమంత్రమే, చైనా లిపిలో చెక్కియున్నది; దానిక్రింద దాతల వరుసలో అదే పేరు: నింగ్ గోంగ్‌యూ. ఆ రాతిమీద తేదీ కలదు. దాజోంగ్ శకము 11 వ సంవత్సరము, అనగా 857. కఱ్ఱ మఱచిన సంవత్సరమును రాయి చెప్పెను. రెంటిని కలిపినది ఒక స్త్రీ పేరు. ఆనాటి సాయంకాలము పడమటి తెఱపినుండి ప్రొద్దువెలుగు ముంగిలి నిండ పఱచుకొనగా, వారు దాచుకొనిన బిస్కత్తులు, పాలు, డబ్బాచేపలు అన్నియు విప్పి మందిరము ముందట పండుగ చేసికొనిరి.

వేదికకు దక్షిణపు కొసన, మహామూర్తులకు దూరముగా, మనుష్యప్రమాణమున ఒక నడివయసు స్త్రీ ప్రతిమ కలదు. పద్మాసనము లేదు, కిరీటము లేదు. కాలు మడిచి, చేతులు ఉత్తరీయమున ముడుచుకొని, వినయముగా కూర్చున్నది. ఆమె వూ చక్రవర్తిని యని భిక్షువులు చెప్పుకొనుచుండిరి. దూలమును, ధ్వజస్తంభమును చదివిన తరువాత ఆమె ఎవరో తెలిసినది. తన ధనముతో మందిరము నిలిపిన నింగ్ గోంగ్‌యూ, బుద్ధులకు ఎదుట గాక ఒక మూలను స్థలము కోరుకొని, అప్పటికి వేయి యెనుబదియేండ్లుగా అచ్చటనే యుండెను. యువాన్‌చెంగ్ భిక్షువు ప్రతిమయు ఆ మందిరమున కలదు. లిన్ నింగ్ ప్రతిమ చెంత నిలిచి ఫోటో తీయించుకొనెను. తన ప్రతిమనొకటి కూడ ఆమె ప్రక్కన చేయించి మఱి వేయేండ్లు తోడుగా కూర్చుండ ముచ్చటయగుచున్నదని ఆమె పలికినట్లు లియాంగ్ చెప్పెను.

ఈ లిన్ హ్వేయిన్ మనకు బొత్తిగా పరాయిది కాదు. 1924 లో రవీంద్రనాథ టాగూరు చైనాకు పోయినపుడు, మే 8 న బీజింగులో జరిగిన ఆయన జన్మదినోత్సవమున ప్రదర్శించిన 'చిత్ర' నాటకములో చిత్రాంగద వేషము ధరించిన యువతి ఆమెయే. కవయిత్రి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వాస్తుశాస్త్రము చదువ కోరగా, స్త్రీలకు ఆ శాఖలో ప్రవేశము లేనందున లలితకళలలో చేరి ఆ పాఠములనే చదివెను. ఆ విశ్వవిద్యాలయమువారు ఆమెకు వాస్తుశాస్త్రపట్టమును 2024 లో, ఆమె మరణించిన అఱువదితొమ్మిదేండ్లకు, ఒసగిరి. క్షయరోగముతో బాధపడుచునే ఆమె ఈ దూలములెక్కినది.

విహారములోని ఇతరకట్టడములను గూర్చి సంగ్రహముగా చెప్పెదను. ముంగిట ఉత్తరపువైపున్న మంజుశ్రీ మందిరము 1137 లో, జిన్ వంశపు పాలనలో కట్టినది. అదియు ఏడంకణములదే, కాని పండ్రెండు స్తంభములు నిలువదగిన లోపలిభాగమున నాలుగే నిలిపి, మిగిలిన బరువును పొడవైన దూలముల జంటలమీద వేసినాడు ఆ వడ్రంగి. తూర్పు మందిరపు శాంతము ఇందు లేదు, సాహసము కలదు. తూర్పు మందిరమునకు దక్షిణపు ప్రక్కన తెల్లని ఇటుకల గోపురమొకటి, ఆఱు మూలలుగా, రెండంతస్తులుగా నున్నది. విహారమునకు మూలపురుషులైన గురువుల సమాధి అది. వూజోంగ్ విధ్వంసమునకు ముందటి కట్టడములలో మిగిలినది అదియే. పై అంతస్తు మూలస్తంభముల నడుములకు తామరపూలు కట్టియుండును. ఆ అలంకారము భారతదేశమునుండి పోయినదని శిల్పజ్ఞులు చెప్పుదురు.

వారము దినముల పని ముగించి పరిశోధకులు వూతాయ్ దిగిపోయిరి. జూలై 7 న బీజింగు చెంత మార్కోపోలో వంతెనకడ జపాను సేనలు కాల్పులు జరిపి యుద్ధము మొదలైన వార్త, కొన్ని దినములు ఆలస్యముగా అందిన పత్రికవలన, కొండపల్లెలలో నుండగానే వారికి తెలిసినది. ఆ తరువాతి బ్రతుకంతయు వలసలు. వారు పనిచేయుచుండిన పరిశోధన సంఘమువారు టియాన్‌జిన్‌లోని ఒక బ్యాంకు నేలమాళిగలో భద్రపఱచిన చిత్రములు, ఫోటోపలకలు 1939 వరదలో మునిగిపోయినవి. సిచువాన్‌లోని లీజువాంగ్ అను పల్లెలో, నూనెదీపపు వెలుగున, లిన్ మంచము పట్టియుండగా, లియాంగ్ తూర్పు మందిరపు వివరములను తుదిసారి దిద్ది 1944 లో రాతియచ్చున ప్రకటించెను. 1953 లో ఆ వూతాయ్ జిల్లాలోనే నాన్‌చాన్ విహారము బయటపడెను; 782 నాటి మూడంకణముల చిన్నమందిరమది. ప్రాచీనతలో మొదటిస్థానము దానికి పోయినది. పెద్దకట్టడములలో ఫోగువాంగ్‌కు సాటి తాంగ్ దారుమందిరము మఱియొకటి చైనాలో లేదు. 1961 లో ప్రభుత్వము ప్రకటించిన రక్షితకట్టడముల మొదటిపట్టికలో ఇది చేరెను. 2009 లో వూతాయ్ ప్రపంచవారసత్వస్థలమయ్యెను.

మనవైపు అమరావతి చలువరాళ్ళను సున్నమునకు కాల్చివేసిరి. అచ్చట కఱ్ఱదూలము లింకను నిలిచియున్నవి. కఱ్ఱకంటె రాయి మన్నికయైనదను మాట వస్తుధర్మమున నిజమే. చుట్టునున్నవారికి పనికివచ్చు రాయికంటె, ఎవరికంటను పడని కఱ్ఱ మన్నిక యెక్కువ.

1964 లో మఱికొందరు పరిశోధకులు తూర్పు మందిరమును పరీక్షించుచు, ఎవరును తిప్పి చూడని ఒక చోటను చూచిరి. పడమటి ముఖమునందలి ఆ బరువైన తలుపురెక్కల వెనుక, చెక్కలమీద, తాంగ్ యుగపు యాత్రికులు సిరాతో వ్రాసిపోయిన చేవ్రాతలుండెను. అనగా ఆ తలుపులును మందిరముతో పుట్టినవే. అటకమీద గబ్బిలముల నడుమ తేదీకై వెదకుటకు ముందు, ప్రొద్దు వాలిన వేళ ఆ నలుగురు తమ అరచేతులు ఆనించి తోసినది తాంగ్ వడ్రంగి నిలిపిన తలుపునే.